తలల లెక్క, పైసల లెక్క

2016 అక్టోబర్ 8న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది ఆడవాళ్లు ఒకేసారి బతుకమ్మ ఆడారు. గిన్నిస్ పుస్తకం ఆ అంకెను రాసుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత, 2025 సెప్టెంబర్ 29న, సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగులకు పైబడిన బతుకమ్మను పేర్చి, దాని చుట్టూ 1,354 మంది ఆడితే మరో రెండు గిన్నిస్ పత్రాలు వచ్చాయి. ఈ రెండూ పండగ కోసం, రాష్ట్రం పేరు కోసం జరిగినవి. ఇలాంటి ఆటనే ఒక చిన్న పట్టణంలో, వైద్యానికి డబ్బు పోగుచేయడం కోసం ఆడించవచ్చా? పట్టణం మెదక్. వైద్యం అందాల్సింది, జీవితాంతం రక్తం ఎక్కించాల్సిన తలసేమియా జబ్బున్న పిల్లలకు.

వాదించేవాళ్లు ఇద్దరు. ఒకామె పట్టణ మహిళా సమాఖ్యలో పనిచేస్తూ పొదుపు సంఘాలను ఏళ్ల తరబడి నడిపిన మనిషి. రెండో అతను రక్తనిధిలో ల్యాబ్ టెక్నీషియన్. ఒకరినొకరు అక్కా, తమ్మీ అని పిలుచుకుంటారు. ఇద్దరూ ఈ వ్యాసం కోసం ఊహించినవాళ్లే. వాళ్లు చెప్పే పాత సంగతులు, పేర్లు, తేదీలు మాత్రం నిజంగా జరిగినవి. మాటలు మొదలైంది జూన్‌లో. బతుకమ్మకు ఇంకా మూడు నెలలకు పైనే ఉంది.

"పదివేల మందితోని ఆడిపిద్దాం తమ్మీ," అంది అక్క. "హైదరాబాద్‌ల తొమ్మిది వేల చిల్లర ఆడిండ్రు. మనం పదివేలు దాటితె చాలు. తలకు వంద రూపాయలు పెడుదాం. పది లక్షలు ఒక్కనాడే చేతికొస్తయ్. అవి మొత్తం పిల్లలకే. అడిగితె ఇయ్యనోళ్లు కూడ ఆడితె ఇస్తరు."

"వచ్చేది చెప్పినవ్, పొయ్యేది చెప్పలేదు," అన్నాడు తమ్ముడు. "2011 లెక్కల మన ఊరి జనమే నలభై నాలుగు వేల చిల్లర. అందుల ఆడోళ్లు సగం. పసిపిల్లలు, చాతగానోళ్లు, బతుకమ్మ ఆడనోళ్లు పోంగ పదివేలు ఏడికెళ్లి తెస్తవ్? పాపన్నపేట, హవేళిఘన్‌పూర్, రామాయంపేట, చేగుంట నుంచి తోలుకరావాలె. బస్సుకు యాభై మంది అనుకున్నా ఐదువేల మందికి వంద బస్సులు. డీజిల్ ఎవరు పోస్తరు?"

"బడి బస్సులు అడుగుదాం. ఆదివారం ఊకెనే నిలబడి ఉంటయ్."

"సరే, బస్సులు వచ్చినయ్ అనుకో. నియమాలు చదివినవా మరి?"

నియమాల సంగతి పాఠకులకూ కొంత తెలియాలి. ఇప్పటికే ఉన్న రికార్డు కోసం గిన్నిస్‌కు మామూలు పద్ధతిలో దరఖాస్తు పెట్టుకోవడానికి రుసుము లేదు. జవాబు రావడానికి పన్నెండు వారాల దాకా పట్టవచ్చు. తొందరగా తేల్చమన్నా, వాళ్ల న్యాయనిర్ణేత స్వయంగా రావాలన్నా ఆ ఖర్చు నిర్వాహకులదే. రికార్డు కొట్టినందుకు వాళ్లు పైసా ఇవ్వరు. మంది ఎక్కువగా పాల్గొనే రికార్డులకు కావలసిన రుజువులు చాలా ఉంటాయి. లోపలికి వచ్చిన ప్రతి మనిషినీ లెక్కపెట్టాలి. దాదాపు యాభై మందికి ఒక పర్యవేక్షకుడు ఉండాలి. సగంలో ఆగినవాళ్లను, ఫోన్ చూసుకుంటూ నిలబడ్డవాళ్లను ఆ పర్యవేక్షకుడు లెక్కలోంచి తీసేస్తాడు. నిర్వాహకులతో సంబంధం లేని సాక్షులు సంతకాలు పెట్టాలి. మొదటి నుంచి చివరి దాకా వీడియో ఉండాలి.

"పదివేల మందికి రెండొందల మంది పర్యవేక్షకులు," అన్నాడు తమ్ముడు. "ఇగ గేట్ల లెక్క చూడు. ఒక గేటు నుంచి నిమిషానికి ఇరవై మంది పోతరనుకుందాం. ఐదు గేట్లు పెట్టినా నిమిషానికి వంద. పదివేల మంది లోపలికి పోవాలంటె వంద నిమిషాలు. ముందుగాల పోయిన మనిషి గంటన్నర దాటినంక గాని ఒక్క అడుగు ఎయ్యదు. ఎండల, చేతిల బతుకమ్మ పట్టుకొని. ఆమెకు నీళ్లు కావాలె, మజ్జిగ కావాలె, నీడ కావాలె, బాత్రూంలు కావాలె. తలకు నూట యాభై అయిందనుకో. నువ్వు వసూలు చేసేది వంద!"

అక్క తడుముకోలేదు. "గేట్ల సంగతి నాకు తెల్వదు. రెండొందల మందిని ఎట్ల దొరికిచ్చుకోవాల్నో మాత్రం నీకంటె నాకు ఎక్కువ తెలుసు. ఒక సంఘంల పది మందికి పైనే ఉంటరు. సంఘానికో లీడరు. పదివేల మంది అంటె వెయ్యి దగ్గర లీడర్లు. ఎవరు వచ్చిండ్రు, ఎవరు రాలే, ఎవరు సంతకం పెట్టిండ్రు, ఇదంత వాళ్లకు నెలనెలా పనే. అందుల రెండొందల మందిని ఆటల నుంచి తప్పిచ్చి కాపలాకు పెడుత. ఒక పూట మీటింగ్ చాలు."

ఈ మాటలో చాలా బలం ఉంది. పెద్ద నగరాల్లో ఈవెంట్ కంపెనీలు డబ్బిచ్చి తెచ్చుకునే పర్యవేక్షణ ఇక్కడ గల్లీగల్లీలో ఉంది. పొదుపు సంఘం, దాని మీద గ్రామ సంఘం, ఆ పైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. పట్టణంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఇలాంటి అమరికే వేరే పేర్లతో ఉంది. తీర్మానం రాయకుండా పుస్తకంలోంచి పది రూపాయలు కదలవు. తెలంగాణలో ఏ దాతృత్వ సంస్థకూ ఇంత లోతుగా మనుషుల పేర్లు తెలియవు. మెదక్‌లో ఇలాంటి కార్యక్రమం ఎప్పుడు జరిగినా దాని వెన్నెముక ఈ ఆడవాళ్లే అవుతారు.

తమ్ముడు ఆ మాట ఒప్పుకున్నాడు గాని, గుంపు గురించి అతని భయం పోలేదు.

"గుంపును చూసి భయపడే ఊరా మనది?" అంది అక్క. "శివరాత్రికి ఏడుపాయలకు ఎందరొస్తరు? మూడు దినాలు, లక్షల మంది. మంజీర పాయల నడుమ వనదుర్గ గుడి, ఇరుకు తొవ్వలు. ఏటా చేస్తలేమా?"

"జాతర వేరక్కా. మంది మూడు దినాల మీద పరుచుకొని వస్తరు, పోతరు. ఎవరి టైం వాళ్లది. రికార్డుకు అందరు ఒక్క నిమిషంల, ఒక్క జాగల ఉండాలె. 2015 జులై 14న, పుష్కరాల మొదటి దినమే, రాజమండ్రి ఘాట్‌ల ఏమైంది? తొక్కిసలాటల 27 మందికి పైన పోయిండ్రు. మొన్న 2025 జనవరి 8న తిరుపతిల వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కాడ ఆరుగురు పోయిండ్రు. రెండు తావుల జనం తక్కువేం కాదు, పోలీసులు కూడ ఉన్నరు. అందరికి ఒక్కటే తొవ్వ, ఒక్కటే టైం. గదే చంపింది. నువ్వు పిల్లల పానం కోసం చేస్తున్నవ్. ఒక్క తల్లి కింద పడ్డా నీ పది లక్షలు ఎవరికి కావాలె?"

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే మైదానం పెద్దది కావాలె, గేట్లు పది కావాలె," అంది. ఆమె పట్టు సడలలేదు. కాని గేట్లు రెట్టింపైతే ఖర్చూ పెరుగుతుందని ఆమెకు తెలుసు.

ఖర్చు గురించి తమ్ముడి దగ్గర ఇంకో ఉదాహరణ ఉంది. 1986 మే 25న అమెరికాలో 'హ్యాండ్స్ అక్రాస్ అమెరికా' అని ఒకటి జరిగింది. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా మనుషులు చేయీ చేయీ పట్టుకుని నిలబడడం, తలకు పది డాలర్లు ఇవ్వడం, ఆ డబ్బు ఆకలితో ఉన్నవాళ్లకు, ఇల్లు లేనివాళ్లకు చేర్చడం ఆలోచన. యాభై లక్షలకు పైగా జనం నిలబడ్డారు. ఎడారుల్లో గొలుసు అక్కడక్కడా తెగింది. నిలబడ్డవాళ్లలో డబ్బు ఇవ్వనివాళ్లూ చాలామందే. మొత్తం 3.4 కోట్ల డాలర్ల దాకా వచ్చాయి. ఖర్చులు పోగా అవసరమైనవాళ్లకు చేరింది సుమారు కోటిన్నర డాలర్లు. సగం కంటే తక్కువ.

"సగమన్న చేరింది గద!" అంది అక్క.

"వందల సగం అమెరికోళ్లు తట్టుకుంటరు. కూలి చేసుకునే తల్లి నీ చేతిల వంద పెడితె, అందుల యాభై టెంటోనికి, సౌండోనికి పోయిందని చెప్పగల్గుతవా? మళ్ల ఏడాది ఆమె ఇంటి ముందటికి ఎట్ల పోతవ్?"

అదే 1986లో, సెప్టెంబర్ 27న, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో జరిగింది ఇంకా బాధ కలిగించేది. యునైటెడ్ వే అనే దాతృత్వ సంస్థ విరాళాల కోసం దాదాపు 15 లక్షల బెలూన్లను ఒకేసారి గాలిలోకి వదిలింది. గత రికార్డు చెరిగిపోయింది. వాన మేఘం కమ్ముకొస్తోందని వాటిని అనుకున్న సమయానికి ముందే వదిలారు. ఎదురుగాలికి, చల్లటి వానకు బెలూన్లు కిందికి దిగి ఈరీ సరస్సు మీద పరుచుకున్నాయి. పక్కనున్న విమానాశ్రయంలో రన్‌వే మూయాల్సి వచ్చింది. సరస్సులో తప్పిపోయిన ఇద్దరు జాలరుల కోసం వెతుకుతున్న తీరరక్షక దళానికి నీటి మీద తేలే తలలేవో, బెలూన్లేవో తేడా తెలియలేదు. ఆ ఇద్దరూ చనిపోయారు. సంస్థ మీద దావాలు పడ్డాయి. మంచి మనసుతో మొదలుపెట్టిన పని అది. బెలూన్లు గాలిలోకి పోయాక ఏమవుతాయని ఎవరూ లోతుగా ఆలోచించకపోవడం వల్ల అట్లా ముగిసింది.

తమ్ముడు చెప్పిన ఈ కథ విని అక్క చలించింది గాని, తన వైపు వాదన వదులుకోలేదు. ఆమె దగ్గర తెలుగువాళ్ల ఉదాహరణలు ఉన్నాయి.

"సిలికానాంధ్ర వాళ్లను చూడు. అమెరికాల ఉండే మన తెలుగోళ్లు. 2008 మే 10న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌ల లక్షగళార్చన పెట్టిండ్రు. అన్నమయ్య సంకీర్తనలు, లక్ష మందికి పైన ఒక్కటే గొంతుతోని పాడిండ్రు. తర్వాత కూచిపూడి. 2010ల, 2012ల, 2014ల ఒకదాని మీద ఒకటి పెద్ద నాట్య రికార్డులు. గదే సంస్థ 2018ల కృష్ణా జిల్లా కూచిపూడిల సంజీవని ఆస్పత్రి తెరిచింది. పేరు తెల్వని సంస్థ అయితె దాతలు అంత నమ్మకంగ ఇస్తుండెనా? జనం ముందు చూస్తరు, ఆనక నమ్ముతరు, గప్పుడు ఇస్తరు."

"నువ్వు చెప్పిందాంట్లనే జవాబు ఉన్నది. రికార్డులకు, ఆస్పత్రికి నడుమ ఏండ్లకేండ్లు పనున్నది. స్టేడియంల ఆడిన దినమే ఆస్పత్రి లేస్తదని వాళ్లు అనుకోలే. నువ్వు మాత్రం ఒక్క సాయంత్రంల పది లక్షలు అంటున్నవ్."

"దివిసీమ ఉప్పెనకు ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు రోడ్ల మీదికి వస్తెనే గద జనం ఇచ్చింది? మంది ముందల నిలబడకుంటె ఎవరిస్తరు?"

1977 నవంబర్ 19 నాటి ఆ ఉప్పెన తర్వాత సినిమావాళ్లు ఊరూరా తిరిగి విరాళాలు పట్టారు. అక్క చెప్పింది నిజమే. అయితే అక్కడ గుంపును ఎవరూ లెక్కపెట్టలేదు. నటులే దాతల దగ్గరికి నడిచి వెళ్లారు. ఒక జాగాకు అందరినీ రమ్మనడానికి, అందరి దగ్గరికీ మనమే పోవడానికి మధ్య ఖర్చులో ఎంతో తేడా ఉంది. ఈ తేడా మీదే మిగతా సంవాదం నడిచింది.

తమ్ముడు 2014 ఆగస్టు నాటి సంగతి ఎత్తాడు. ఆ వేసవిలో అమెరికాలో నెత్తిన మంచునీళ్లు కుమ్మరించుకునే సవాలు ఊపందుకుంది. కొన్ని వారాల్లోనే ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే సంఘానికి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో సాగిన పరిశోధన 2016లో ఎన్‌ఈకే1 అనే జన్యువుకు ఆ జబ్బుతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. హైదరాబాద్‌లో మంజులత కళానిధి అనే జర్నలిస్టు ఆ సవాలును మన నేలకు తగ్గట్టు మార్చారు. బకెట్ నీళ్లు పారబోసుకోవడం ఎందుకు, బకెట్ బియ్యం తీసుకెళ్లి పక్కింట్లో, పక్క గల్లీలో అవసరమున్న మనిషికి ఇవ్వండి, ఫొటో పెట్టి ఇంకొకరిని పిలవండి అన్నారు. 'రైస్ బకెట్ చాలెంజ్' కొద్ది రోజుల్లోనే దేశం దాటి పాకింది. టెంటు లేదు, మైకు లేదు, బస్సు లేదు. ఇచ్చిన బియ్యం గింజ కూడా దారిలో ఖర్చు కాలేదు.

"బ్రిటన్‌ల కూడ మాక్‌మిలన్ అనే క్యాన్సర్ సంస్థ ఉన్నది," అన్నాడు. "1990ల నుంచి కాఫీ ఉదయం నడుపుతది. ఎవరింట్ల వాళ్లు, ఎవరి ఆఫీసుల వాళ్లు కాఫీ పెట్టి, తాగినోళ్ల దగ్గర పైసలు జమచేసి పంపుతరు. పేరుకు ప్రపంచంలనే పెద్ద కాఫీ ఉదయం. ఒక్క జాగల మాత్రం పది మందే ఉంటరు. మనది కూడ గట్లనే చేస్తె? సద్దుల బతుకమ్మ నాడు ప్రతి గల్లీల ఆడుతం గద. గల్లీకో డబ్బా, ఒక క్యూఆర్ కోడ్."

అక్కడ అక్క గట్టిగా తిప్పికొట్టింది. "ఏటా ఆడేదానికి కొత్తగ వంద ఎవరిస్తరు తమ్మీ? ఊర్ల అందరు ఒక్క దిక్కు పోతున్నరు అంటె మనిషికి ఊపొస్తది. కోడలు పోతదంటె అత్త పోతది. మేము పదివేల మందిమి అని చెప్పుకోను ఒక గర్వం ఉంటది. ఆ గర్వానికి వంద ఇస్తరు. డబ్బా గల్లీల పెడితె దసరా చందా అనుకొని పది ఏస్తరు."

తమ్ముడి దగ్గర దీనికి సరైన జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా లేదు. తాము ఒక పెద్ద పనిలో భాగమైనట్టు అనిపించినప్పుడు మనుషులు ఎక్కువ ఇస్తారు. పోగైన అందరినీ కళ్లారా చూడడంలో ఒక సంబరం ఉంది. దాన్ని చిన్నబుచ్చి దాతృత్వం గురించి మాట్లాడడం సరికాదు.

మాటలు మెల్లగా ఊళ్లో అందరికీ తెలిసిన కట్టడం మీదికి మళ్లాయి. మెదక్ చర్చి. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గంట గోపురం. ఐదువేల మంది ఒకేసారి ప్రార్థన చేసుకోవచ్చు.

"ఆసియాల పెద్ద చర్చిలల్ల ఒకటి అనే పేరు చూసి ఎక్కడెక్కడికెళ్లో జనం వస్తరు," అంది అక్క. "పేరుకు గంత బలం ఉన్నది. నేను చెప్పేది గదే."

"పేరు ఎనుక వచ్చింది," అన్నాడు తమ్ముడు. "ముందుగాల కరువొచ్చింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1914ల పని షురూ జేసిండు. మొదటి ప్రపంచ యుద్ధం దినాలు. తిననీకి లేని జనానికి పని ఇచ్చి బువ్వ పెట్టిండు. పదేండ్లు కట్టిండ్రు. 1924 డిసెంబర్ 25న తెరిచిండ్రు. పెద్ద చర్చి అనిపిచ్చుకోవాలెనని పని ఆపి కొలతలు ఏసుకుంటె, కడుపులు నిండకపోతుండె. గా పదేండ్లు ఎంతమంది తిన్నరో ఏ పుస్తకంల రికార్డు లేదు. అయినా ఈ ఊర్ల జరిగిన అతి పెద్ద సాయం గదే."

ఈ ఉదాహరణ ఇద్దరికీ పనికొస్తుంది. పెద్దదనం జనాన్ని ఇక్కడికి రప్పిస్తుందన్న అక్క మాట నిజం. సాయం అందింది మాత్రం కట్టే రోజుల్లో, కూలి రూపంలో. రికార్డు ఆటకు పెట్టే ఖర్చు స్థానికులకు కూలిగా చేరితే అది కూడా ఒక సాయమే కదా అని ఎవరైనా అనవచ్చు. కాని టెంట్లు, సౌండు, ఎల్‌ఈడీ తెరలు హైదరాబాద్ నుంచే వస్తాయి. ఆ డబ్బు మెదక్‌లో తిరగదు.

ఇంతకూ ఆ పది లక్షలు దేనికి? ఈ ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. ఇలాంటి కార్యక్రమాలన్నింటిలో ఇది ఆలస్యంగానే వస్తుంది.

అక్క మొదట్లో ఒక ఆలోచన చెప్పింది. ఆట నాడే మైదానం పక్కన రక్తదాన శిబిరం పెట్టి అందులోనూ రికార్డు కొట్టాలని. అక్కడ తమ్ముడు తన వృత్తి తెలిసిన మనిషిగా మాట్లాడాడు.

"వద్దక్కా. రక్తం దాసిపెట్టుకునే బియ్యం కాదు. ఎర్రకణాలు 35 దినాలు, మందు కలిపిన సంచిల అయితె 42 దినాలు. ప్లేట్‌లెట్లు ఐదు దినాలే. తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి, ఎక్కువలెక్కువ నాలుగు వారాలకు, ఎక్కియ్యాలె. జీవితాంతం. నువ్వు ఒక్కనాడు వెయ్యి సంచులు తీస్తె ఫ్రిజ్‌లల్ల జాగ ఉండది. నెలన్నరకు మిగిలింది పారబోయాలె. మళ్ల ఇచ్చిన మగోళ్లు 90 దినాలు, ఆడోళ్లు 120 దినాలు ఇయ్యరాదు. అంటె ఊర్ల దాతలందరు ఒక్కసారే సెలవు మీద పోయినట్టు. పిల్లగానికి నలభై ఐదో దినం రక్తం కావాలంటె నేను ఎవరికి ఫోన్ జెయ్యాలె?"

2014 సెప్టెంబర్‌లో తేరాపంథ్ యువక్ పరిషద్ దేశమంతటా ఒకే రోజున లక్షకు పైగా దాతలతో రక్తం ఇప్పించి గిన్నిస్‌కెక్కింది. ఆ పని వందల ఊళ్లలో, వందల శిబిరాల్లో జరిగింది కాబట్టి ఏ ఊరి రక్తం ఆ ఊరి నిధులకు పోయింది. అదే లక్ష ఒకే మైదానంలో అయితే సగం వృథా అయ్యేది. అంత పెద్ద రికార్డు కూడా చెల్లాచెదురుగా జరగడం వల్లే ఉపయోగపడింది. ఒకేనాటి రక్త శిబిరం పనికిరాదని అక్కకు వెంటనే అర్థమైంది.

"అంటె పైసలే దిక్కు. మరి పైసలతోని ఏం చేద్దాం?"

తమ్ముడు వివరంగా చెప్పాడు. ప్రభుత్వ రక్తనిధుల్లో ఈ పిల్లలకు రక్తం ఉచితం. ఖర్చంతా మిగతా వాటికి. మాటిమాటికి రక్తం ఎక్కిస్తుంటే ఒంట్లో ఇనుము పేరుకుని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని బయటికి పంపే మాత్రలు రోజూ వేసుకోవాలి. పరీక్షలు తరచూ చేయించాలి. హైదరాబాద్‌లో 1998 నుంచి తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ ఈ పిల్లలకు రక్తం, వైద్యం అందిస్తోంది. మెదక్ నుంచి అక్కడికి పోవాలంటే వంద కిలోమీటర్ల దాకా ప్రయాణం. తండ్రికో తల్లికో ఒక రోజు కూలి పోతుంది. నెలకు రెండుసార్లయితే, ఏడాదికి ఇరవై నాలుగుసార్లు. ఎముక మజ్జ మార్పిడితో జబ్బు నయమయ్యే అవకాశం ఉంది. దానికయ్యే లక్షల్లో కోల్ ఇండియా తలసేమియా బాల సేవా యోజన పది లక్షల దాకా భరిస్తుంది. కాని ముందు సరిపోయే దాత దొరకాలి, ఆ పరీక్షలకే డబ్బు కావాలి.

"ఇంకోటున్నది," అన్నాడు. "గీ జబ్బు రాకుండ ఆపొచ్చు. తల్లి తండ్రి ఇద్దరు పైకి మంచిగనే ఉంటరు, లోపల జత జన్యువులల్ల చెడిపోయింది ఒకటి మోస్తుంటరు. గట్లాంటోళ్లు పెండ్లి చేసుకుంటె ప్రతి కాన్పుల నాలుగొంతుల ఒక వంతు భయం. మేనరికాలల్ల ఇది ఇంకా ఎక్కువ. పెండ్లికి ముందు, లేకుంటె కడుపుతోని ఉన్న మొదటి నెలలల్ల హెచ్‌బీఏ2 పరీక్ష చేస్తె తెలుస్తది. నీ పదివేల మంది ఆడోళ్లల్ల ఎంతమందికి ఈ మాట తెలుసు?"

అక్క చాలాసేపు ఆలోచించింది. ఆమె ప్రణాళిక ఇక్కడే మలుపు తిరిగింది. మైదానాన్ని ఆమె వదల్లేదు, దాని పని మార్చింది.

"బతుకమ్మ తొమ్మిది దినాలు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాక. ఆరో దినం అలిగిన బతుకమ్మ. ఆ నాడు పేర్చం, ఆడం. ఆడోళ్లు ఇంటికాడనే ఉంటరు. ఆ దినం వార్డు వార్డుకు పరీక్షల క్యాంపు పెడుదాం. సంఘం లీడర్లే ఇల్లిల్లు తిరిగి చెప్తరు. ఆఖరు దినం, సద్దుల నాడు, ఎవరి గల్లీల వాళ్లు ఆడుతరు, డబ్బా పెడుతరు. మైదానంల ఆడేది ఇంకో నాడు, పది మంది దాతలు ఖర్చు మొత్తం ముందుగాల్నే కడితేనే. ఆడోళ్ల వందల ఒక్క రూపాయి కూడ టెంటుకు పోవద్దు. బోనాలు అయ్యేసరికి దాతల పైసలు బ్యాంకుల పడకుంటె మైదానం మాట తీసేద్దాం. తీర్మానం పుస్తకంల రాస్త."

తమ్ముడు మైదానానికి చివరి దాకా ఒప్పుకోలేదు. దాతలు ఖర్చుకు ఇచ్చేది కూడా పిల్లలకే ఇవ్వొచ్చు కదా అన్నాడు. "వాళ్లు బ్యానర్‌కు ఇస్తరు తమ్మీ, మాత్రలకు ఇయ్యరు," అంది అక్క. ఎవరూ మెత్తబడలేదు.

కాగితాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. విరాళాలు ఏ పేరున తీసుకోవాలి? తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంస్థ అయితే బ్యాంకు ఖాతా, ఆడిట్ ఉంటాయి. ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉంటే, పాత పన్ను విధానం ఎంచుకున్న దాతకు మినహాయింపు దొరుకుతుంది. ఆ దాత రెండు వేలకు మించి నగదుగా ఇస్తే మాత్రం దొరకదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మెదక్ వాళ్లు పంపుతామంటే జాగ్రత్త కావాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే ముందు పడాలి. స్థానిక యువజన సంఘం ఖాతాలో అట్లా వేయించుకుంటే తర్వాత చిక్కులు తప్పవు. అన్ని పత్రాలూ ఉన్న సంస్థ పేరునే వసూలు చేసి, రసీదు ఇచ్చి, వచ్చింది ఎంత, పోయింది ఎంత, ఏ ఆస్పత్రికి, ఏ మందుకు అనేది దసరా దాటిన నెలలోపు ప్రతి వార్డులో గోడకు అతికించాలని అక్క పట్టుబట్టింది. పొదుపు సంఘాల్లో పెరిగిన మనిషికి అది సహజంగా వచ్చే ఆలోచన.

ఈ వ్యాసకర్త తీర్పు అడిగితే, అక్క చివరి ప్రణాళికకే ఓటు. బయటి దాతలు ముందే ఖర్చు భరించిన చోట పెద్ద ఆట తప్పు కాదు. భరించేవాళ్లు లేనప్పుడు మాత్రం రికార్డును వదులుకోవాలి, గల్లీ డబ్బాలో పడ్డ పది రూపాయలే తీసుకోవాలి. పిల్లవాడి మాత్రకు ఆ పది పూర్తిగా చేరుతుంది.

మెదక్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు దీనికోసం బతుకమ్మ దాకా ఆగనక్కర్లేదు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, ఆరోగ్యం బాగున్నవాళ్లు దగ్గరి రక్తనిధికి వెళ్లి ఫోన్ నంబరు రాసి రండి. అందరూ ఒకే రోజు కాకుండా, పిలిచినప్పుడు వెళ్లి ఇవ్వండి. ఇంట్లో పెళ్లి కుదురుతుంటే, మేనరికమైతే మరీ ముఖ్యంగా, ఇద్దరికీ హెచ్‌బీఏ2 పరీక్ష చేయించండి.